తింబుల్‌స్లోకోను ముంచింది సముద్రం ఒక్కటే కాదు

ఇండోనేషియాలో జావా దీవి ఉత్తర తీరాన, సెమరాంగ్ నగరానికి తూర్పున, డెమాక్ జిల్లా సాయుంగ్ మండలంలో తింబుల్‌స్లోకో అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు అక్కడ వరి పండేది. మిరప తోటలు, కొబ్బరి చెట్లు ఉండేవి. ఇప్పుడు ఊరి చుట్టూ ఉప్పునీళ్లే. వీధులు పోయి, వాటి చోట గుంజల మీద నిలబెట్టిన చెక్కబాటలు వచ్చాయి. ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడల్లా నేలను మెరక చేస్తూ పోయారు కాబట్టి, పైకప్పు తలకు తగిలేంత దగ్గరైంది. పెద్దవాళ్లు వంగితే తప్ప గుమ్మం దాటలేరు. శ్మశానం కూడా మునిగితే ఊరివాళ్లే మట్టి మోసి ఎత్తు చేసుకున్నారు.

వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు ఈ ఊరి ఫొటోలు తరచూ చూపిస్తుంటారు. సముద్ర మట్టం పెరుగుతున్న మాట నిజమే. ప్రపంచ సగటు చూస్తే ఏడాదికి దాదాపు 4 మిల్లీమీటర్లు. అదే సమయంలో సెమరాంగ్-డెమాక్ తీరంలో నేల కొన్నిచోట్ల ఏడాదికి 8 సెంటీమీటర్లకు పైగా కుంగుతోంది. నీరు ఎక్కుతున్న దానికి 20 రెట్ల వేగంతో నేల దిగుతోందన్నమాట. ఈ లెక్క చెప్పకుండా తప్పంతా సముద్రం మీదకు నెట్టేస్తే, జవాబు చెప్పాల్సినవాళ్లు హాయిగా పక్కకు తప్పుకుంటారు. అందుకే ఈ కథను కొంచెం వెనక నుంచి చెప్పుకోవాలి.

ఆ నేల పాతది కాదు. 15వ శతాబ్దం చివర జావాలో బలపడిన ముస్లిం సుల్తానుల రాజ్యానికి డెమాక్ రాజధాని. అప్పట్లో అది ఓడలు ఆగే రేవు పట్నం. మురియా పర్వతం ఉన్న ప్రాంతానికి, జావా ప్రధాన భూభాగానికి మధ్య ఒక జలసంధి ఉండేది. మలక్కాలోని పోర్చుగీసువాళ్ల మీద 1513లో దాడి చేసిన డెమాక్ నాయకుడు పతి ఉనుస్ నౌకాదళం బయల్దేరింది ఈ తీరం నుంచే. తర్వాత నదులు తెచ్చిన ఒండ్రు ఆ జలసంధిని నెమ్మదిగా పూడ్చేసింది. ఇవాళ డెమాక్ పెద్ద మసీదు దగ్గర నిలబడితే సముద్రం కనిపించదు. 2024 ఫిబ్రవరిలో వులన్ నది గట్టు తెగి డెమాక్ జిల్లా మునిగినప్పుడు, మురియా జలసంధి మళ్లీ తిరిగొచ్చిందా అని ఇండోనేషియా అంతా చర్చ జరిగింది. ఒక్క వరదతో జలసంధి తిరిగిరాదు. కానీ ఆ చర్చకు ఆధారం ఉంది. అక్కడి నేల లేత బంకమట్టి. లోపలి నీటిని తోడేస్తే అణిగిపోతుంది, అలా అణిగింది మళ్లీ పైకి లేవదు.

ఆ బురదను పట్టి ఉంచినవి మడ అడవులు. అల జోరును వేళ్లు తగ్గిస్తాయి, పోటుతో వచ్చిన ఒండ్రు అక్కడే దిగుతుంది, తీరం నిలబడుతుంది. జావా ఉత్తర తీరంలో పాలబొంత చేపల చెరువులు వందల ఏళ్లుగా ఉన్నాయి. అవి మాత్రం తీరాన్ని మింగలేదు. లెక్క మారింది 1980ల్లో. జావా, సుమత్రా తీరాల్లో పెద్ద వలలతో రొయ్యలు, చేపలు ఊడ్చేసే ట్రాలర్ పడవలను ప్రభుత్వం 1980లో నిషేధించింది. చిన్న జాలరులను కాపాడటానికి తీసుకున్న మంచి నిర్ణయమే అది. కానీ ఎగుమతికి రొయ్య కావాలి, విదేశీ డబ్బు కావాలి. దాంతో ప్రోత్సాహమంతా చెరువుల వైపు మళ్లింది. పక్క జిల్లా జెపారాలోని ప్రభుత్వ కేంద్రం రొయ్య పిల్లలను పుట్టించే హేచరీ పద్ధతులు నేర్పింది, టైగర్ రొయ్యకు మంచి ధర పలికింది. నీటి అంచు దాకా మడ చెట్లు నరికి గట్లు వేశారు. వరి చేలు కూడా చెరువులయ్యాయి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో టైగర్ రొయ్య రోజులు చూసినవాళ్లకు తర్వాత జరిగింది వేరే చెప్పక్కర్లేదు. 1990ల్లో వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు వచ్చింది. చెరువులు ఖాళీ అయ్యాయి. నరికిన చెట్లు మాత్రం తిరిగి రాలేదు.

ఆ రైతులను నేను తప్పుపట్టలేను. అప్పు ఇచ్చి, సీడ్ ఇచ్చి, ఇదే అభివృద్ధి అని అధికారులే చెప్పినప్పుడు ఏ రైతైనా అదే చేస్తాడు. కాకపోతే మట్టి గట్టు మడ చెట్టులాంటిది కాదు. నిటారుగా ఉన్న గట్టుకు తగిలిన అల వెనక్కి వెళ్తూ గట్టు మొదట్లోని మట్టిని తవ్వుకుపోతుంది. ఒక గట్టు పడితే వెనక చెరువు బయటపడుతుంది, అది పోతే దాని వెనకది.

సరిగ్గా ఆ కాలంలోనే, 1985లో, సెమరాంగ్‌లో తంజుంగ్ ఎమాస్ రేవు ప్రారంభమైంది. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఆ నిర్మాణాలు, పక్కనే పూడ్చిన తీర భూములు నీటి ప్రవాహాలను, ఒండ్రు నడకను మార్చేశాయని, దాని దెబ్బ సాయుంగ్ తీరానికి తగిలిందని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. నగరం తూర్పు వైపు, సాయుంగ్ దాకా ఫ్యాక్టరీలు వరుసకట్టాయి. వాటికి లోతు బోర్లు. నదుల నీళ్లు పాడై, పైపొర నీళ్లు ఉప్పెక్కడంతో పల్లెలు కూడా లోతు బోర్లకే దిగాయి. తాగడానికి ఇంకో దారి చూపకుండా, మీరూ తోడుతున్నారు కదా అని పల్లెను నిలదీయడం అన్యాయం.

ఫలితం మొదట బయటపడింది పక్కనే ఉన్న బెడోనోలో. అక్కడి తంబాక్‌సారీ వాడ జనాన్ని 1999లో, రెజోసారి సెనిక్ వాడ జనాన్ని 2006లో వేరే చోటికి తరలించారు. అందరూ వెళ్లలేదు. తంబాక్‌సారీలో షేక్ అబ్దుల్లా ముద్జాకిర్ అనే మత గురువు సమాధి ఉంది. చుట్టూ నీళ్లున్నా యాత్రికులు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. దాన్ని కనిపెట్టుకుని కొన్ని కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి.

తీరాన్ని నిలబెట్టే మంచి ప్రయత్నం ఒకటి 2015లో మొదలైంది. ఇండోనేషియా ప్రభుత్వం, చిత్తడి నేలల రక్షణకు పనిచేసే వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్, డచ్ సంస్థలు కలిసి ప్రకృతితో కలిసి కట్టుకోవడం అనే పద్ధతిని డెమాక్‌లో చేపట్టాయి. సముద్రంలో గుంజలు పాతి, మధ్యలో కంప కొమ్మలు కుక్కి దడులు కట్టారు. నీరు దాటిపోతుంది, అల నీరసిస్తుంది, బురద వెనక నిలుస్తుంది, అందులో మడ మొక్కలు వాటంతట అవే మొలుస్తాయి. రైతులకు తక్కువ ఖర్చు సాగు నేర్పారు, చెరువులో కొంత భాగం మడకు వదిలేలా ఒప్పించారు. దిగుబడులు పెరిగాయి. 2022లో ఐక్యరాజ్యసమితి దీన్ని ప్రపంచంలోని 10 ముఖ్యమైన పునరుద్ధరణ పనుల్లో ఒకటిగా గుర్తించింది. అయితే గుంజలను పురుగు తొలిచింది, అంతకంటే ముఖ్యంగా నేల అనుకున్నదానికన్నా వేగంగా కుంగింది. బురద పేరుకునే వేగాన్ని నేల దిగే వేగం దాటిపోతే ఏ దడీ చాలదు. పద్ధతి తప్పని దీనికి అర్థం కాదు. బోర్లను వదిలేసి తీరాన్ని బాగుచేయలేమని ఆ పని చేసినవాళ్లే చెప్పారు.

ప్రభుత్వం మాత్రం సముద్రానికి అడ్డుగోడ కట్టడం వైపు మొగ్గింది. సెమరాంగ్-డెమాక్ టోల్ రోడ్డులో సాయుంగ్ నుంచి డెమాక్ వరకు ఉన్న భాగం 2023 ఫిబ్రవరిలో తెరుచుకుంది. సెమరాంగ్ వైపు భాగాన్ని సముద్రపు కట్టగా కూడా పనికొచ్చేలా, వెదురు పరుపుల మీద కడుతున్నారు. దారికి అడ్డొచ్చిన మడ చెట్లను నరికారు. గోడకు సముద్రం వైపు మిగిలే పల్లెల్లో ముంపు ఇంకా పెరుగుతుందన్న భయం అక్కడివాళ్లకు ఉంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది భూమి హక్కు సంగతి. ఇండోనేషియా 1960 భూచట్టం 27వ సెక్షన్ ప్రకారం భూమి నశిస్తే దాని మీద యాజమాన్య హక్కు కూడా పోతుంది. టోల్ రోడ్డు కోసం సాయుంగ్‌లో మునిగిన భూములు అవసరమైనప్పుడు ఈ సెక్షన్ ముందుకొచ్చింది. కాగితం చేతిలో ఉన్నా చాలామంది భూమి నశించిన భూమి లెక్కలోకి వెళ్లింది. అలాంటివాళ్ల కోసం 2022లో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. దాని కింద ఇచ్చేది భూమి ధర కాదు, దయతో ఇచ్చే సాయం. తాతల నాటి చేను మునగడానికి ఆ రైతు బోరు వేయలేదు, రేవు కట్టలేదు. హక్కు పోయింది మాత్రం అతనిదే.

ఇప్పుడు జావా పశ్చిమాన ఉన్న బాంటెన్ నుంచి తూర్పున ఉన్న గ్రెసిక్ దాకా 500 కిలోమీటర్లకు పైగా మహా సముద్ర గోడ కడతామని అధ్యక్షుడు ప్రబోవో అంటున్నారు. ఖర్చు 80 బిలియన్ డాలర్లని 2025లో చెప్పారు. ఆ ఏడాది ఆగస్టులో ఉత్తర జావా తీరం కోసం ప్రత్యేక సంస్థను కూడా ఏర్పాటు చేశారు. తింబుల్‌స్లోకో, బెడోనో లాంటి ఊళ్లు ఆ గోడకు ఏ వైపు ఉంటాయి, మునిగిన పట్టాలకు విలువ కడతారా, ఫ్యాక్టరీల బోర్లు మూయించి పల్లెలకు పైపు నీళ్లు ఎప్పటికి ఇస్తారు అన్న మూడు ప్రశ్నలకు ఆ సంస్థ గోడ పని మొదలుపెట్టక ముందే జవాబు చెప్పాలి.