అపోహలు - వాస్తవాలు: స్టెంట్ వేశాక మాత్రలు ఆపేయవచ్చా?

“స్టెంట్ వేసి బ్లాక్ తీసేశారు కదా, ఇంకా ఇన్ని మాత్రలు ఎందుకండీ?” అని అడగని రోగి అరుదు. అడిగినవారి గురించి నాకు బెంగ లేదు, వారికి జవాబు చెప్పే వీలుంటుంది. ఎవరినీ అడగకుండా, తెలిసినవారి మాటనో ఫోన్‌లో తిరిగే సందేశాన్నో నమ్మి తమంతట తామే మాత్రలు మానేసినవారి గురించే నా ఆందోళన. గుండె రక్తనాళాలకూ కవాటాలకూ క్యాథెటర్ అనే సన్నని గొట్టం ద్వారా చేసే చికిత్సల చుట్టూ అల్లుకున్న అపోహలలో, నేను చూసినంతవరకు, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే.

యాంజియోప్లాస్టీలో పూడికను మేము బయటకు తీయము. సన్నని తీగ మీదుగా బెలూన్‌ను పంపి, పూడికను రక్తనాళపు గోడవైపు అదిమి, ఆ దారి మళ్లీ ముడుచుకోకుండా స్టెంట్ అనే లోహపు జాలీని అక్కడ నిలబెడతాము. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ తొలిసారి ఈ చికిత్స చేసినప్పుడు బెలూన్ ఒక్కటే ఉండేది. మనుషుల గుండె రక్తనాళాలలో స్టెంట్ వేయడం 1986లో మొదలైంది. ఇప్పటి స్టెంట్లలో ఒక్కొక్క లోహపు పోగు మందం సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతుకు మించదు. అయినా రక్తానికి అది పరాయి వస్తువే కాబట్టి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు దానికి అంటుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. రక్తనాళపు లోపలి పొర మెల్లగా ఆ జాలీ మీదికి పాకి దానిని కప్పేసేదాకా ఈ ప్రమాదం ఎక్కువ. స్టెంట్ మీద ఉండే మందుపూత లోపల మచ్చకణజాలం పెరిగి దారి సన్నబడకుండా కాపాడుతుంది గానీ, ఆ పొర ఏర్పడటాన్ని కూడా కొంత ఆలస్యం చేస్తుంది. ఆ మధ్యకాలంలో స్టెంట్‌ను కాపాడేవి రెండు మాత్రలు: ఒకటి ఆస్పిరిన్, రెండవది క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ లేదా ప్రాసుగ్రెల్.

గుండెపోటు వచ్చి స్టెంట్ వేసినవారికి ఈ రెండూ సాధారణంగా 12 నెలలు, గుండెపోటు లేకుండా ముందుగా అనుకుని వేసినవారికి సాధారణంగా 6 నెలలు ఇస్తాము. రక్తస్రావం జరిగే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఈ గడువును ఒకటి నుంచి మూడు నెలలకు తగ్గించడమూ ఉంది. అంటే గడువు మనిషిని బట్టి మారుతుంది; దానిని నిర్ణయించవలసింది మీ స్టెంట్ ఎక్కడ, ఎలా వేశారో తెలిసిన వైద్యుడే. ఆ గడువు ముగిశాక కూడా వాటిలో ఒక మాత్ర సాధారణంగా జీవితాంతం కొనసాగుతుంది.

స్టెంట్ లోపల మచ్చకణజాలం పెరిగితే దారి నెలల తరబడి సన్నబడుతుంది, నడిచినప్పుడు ఛాతీనొప్పి రూపంలో ముందే హెచ్చరిక వస్తుంది. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడం అలా కాదు, నిమిషాలలో నాళం మొత్తం మూసుకుపోతుంది. యాంజియోగ్రామ్ తెర మీద రంగుమందు స్టెంట్ పై అంచుదాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. దాని కింద కనిపించవలసిన నాళమూ కొమ్మలూ ఏవీ కనబడవు. ఆధునిక స్టెంట్లతో ఇలా జరగడం అరుదు, మొదటి ఏడాదిలో నూటికి ఒకరు లేదా అంతకంటే తక్కువ. కానీ జరిగినప్పుడు ప్రాణాపాయం చాలా ఎక్కువ, గడువుకు ముందే మాత్రలు ఆపేయడం దానికి ప్రధాన కారణాలలో ఒకటి.

గుండెపోటుకు స్టెంట్ వేయించుకున్న ఒక పెద్దాయన మూడు నెలలపాటు ఒక్క పూట తప్పకుండా మాత్రలు వేసుకున్నారు. దవడపన్ను పీకించుకోవలసి వచ్చినప్పుడు, రక్తం ఆగదేమోనన్న భయంతో రెండింటినీ ఆపేశారు. పన్ను తీసిన తర్వాత మళ్లీ మొదలుపెట్టడానికీ జంకారు. వారం తిరగకముందే, ఒక తెల్లవారుజామున ఛాతీ పట్టేసి, చెమటలతో చొక్కా తడిసిపోయిన స్థితిలో తీసుకొచ్చారు. ఆయన భార్య చేతిలోని మందుల సంచిలో ఆ నెల క్లోపిడోగ్రెల్ స్ట్రిప్పు ఉంది, అందులో మూడు గుంటలు మాత్రమే ఖాళీ. గడ్డను లాగివేసి దారి తెరిచాము, ఆయన బ్రతికారు, కానీ గుండె కండరం చాలావరకు దెబ్బతింది. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసమే. “పంటి కోసమే ఆపామండీ, తప్పయిందా?” అని ఆమె అడిగినప్పుడు తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. ఆ భయాన్ని తీర్చే మాట ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండవలసింది.

ఆ మాట ఇప్పుడు చెబుతున్నాను. పన్ను తీయడానికి ఈ మాత్రలు ఆపవలసిన అవసరం సాధారణంగా ఉండదు. గాజుగుడ్డతో గట్టిగా అదిమి ఉంచడం, అవసరమైతే కుట్టు వేయడం సరిపోతాయి. వాయిదా వేయగల ఆపరేషన్లను రెండు మాత్రల గడువు ముగిసేదాకా వాయిదా వేయాలి. వాయిదా కుదరని ఆపరేషన్ అయితే ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో సర్జన్, గుండె వైద్యుడు మాట్లాడుకుని నిర్ణయించాలి. చర్మం మీద చిన్న కమిలిన మచ్చలు, పళ్లు తోముకున్నప్పుడు కాస్త రక్తం కనిపిస్తే మాత్రలు మానకుండా వైద్యునికి చెప్పండి. మలం తారులా నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. టికాగ్రెలార్ కొందరికి ఆయాసం తెప్పిస్తుంది, అలాంటివారికి వేరే మందు ఉంది. మాత్రల ఖర్చు భారమైతే సంకోచించకుండా అడగండి, మార్చడానికి దారులున్నాయి.

ఇక మిగిలినవి. స్టెంట్ దగ్గితేనో బరువెత్తితేనో జారిపోదు. స్టెంట్ ఉన్నవారికి ఎంఆర్ఐ తీయకూడదన్నది నిజం కాదు, కాకపోతే ముందుగా ఆ విషయం చెప్పాలి. ప్రతి పూడికకూ స్టెంట్ కావాలన్నదీ నిజం కాదు. గుండెపోటు సమయంలో స్టెంట్ ప్రాణం కాపాడుతుంది. నిలకడగా ఉన్న జబ్బులో మాత్రం అది నొప్పిని తగ్గిస్తుందే గానీ, మంచి మందుల చికిత్సకు మించి ఆయుష్షు పెంచుతుందని 2007 నాటి కరేజ్, 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనాలలో తేలలేదు. కొలెస్టరాల్ మాత్ర కూడా ఇందుకే ముఖ్యం, స్టెంట్ రెండు మూడు సెంటీమీటర్ల నాళాన్ని సరిచేస్తే ఆ మాత్ర మిగిలిన నాళాలన్నిటినీ చూసుకుంటుంది.

కవాటాల విషయానికి వస్తే, స్టెంట్ నియమాలను అక్కడికి మోసుకెళ్లకూడదు. 2002లో ఫ్రాన్స్‌లోని రూవాన్‌లో అలన్ క్రిబియే తొలిసారి తొడ రక్తనాళం గుండా కొత్త బృహద్ధమని కవాటాన్ని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే ద్వారంలోని కవాటాన్ని, అమర్చారు. టావీ అనే ఆ చికిత్స తర్వాత, వేరే కారణం లేనివారికి, సాధారణంగా ఒక్క ఆస్పిరిన్ చాలు. స్టెంట్ ఉన్నవారికి పన్ను తీసే ముందు ఆ స్టెంట్ కోసమని యాంటీబయాటిక్ అవసరం లేదు, కృత్రిమ కవాటం ఉన్నవారికి తప్పనిసరిగా అవసరం. ఆపరేషన్ చేసి లోహపు కవాటం అమర్చినవారు, రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్రను తమంతట తాము ఎన్నడూ ఆపకూడదు. బృహద్ధమని కవాటం బాగా సన్నబడినవారి ఆయాసాన్ని “వయసు కదా” అని వదిలేయడం కూడా ఇలాంటి ప్రమాదమే, ఎందుకంటే లక్షణాలు మొదలయ్యాక కవాటం మార్చకుండా వదిలేస్తే దాదాపు సగం మంది రెండేళ్లలో మరణిస్తారు.

స్టెంట్ వేసిన తేదీ, రెండు మాత్రల పేర్లు, ఎప్పటిదాకా వాడాలో ఒక కార్డు మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి, ఏ వైద్యుని దగ్గరకు వెళ్లినా ముందు దానిని చూపించండి. ఒక పూట మరచిపోతే కంగారు పడనక్కరలేదు. తర్వాతి పూట మామూలు మోతాదే వేసుకోవాలి, రెండింతలు వేసుకోకూడదు.