బిల్లిస్ కొండ మీద రాళ్లను చదవడం

అల్బేనియాలో ఫియెర్ జిల్లా, హెకల్ గ్రామం పక్కన, వ్యోసా నది లోయకు ఎగువన ఒక కొండ ఉంది. ఎత్తు 500 మీటర్లకు పైనే. క్రీ.పూ. 4వ శతాబ్దం మధ్యలో బిల్లియోనులు అనే తెగవాళ్లు దాని మీద కట్టుకున్న నగరమే బిల్లిస్. గైడుతో వచ్చేవాళ్లు చాలామంది తిన్నగా నాటకశాలకు నడిచేస్తారు. ముందు కోటగోడ దగ్గర ఓ అరగంట ఆగమని మా సలహా. గోడను చదవడం వస్తే మిగతా ఊరంతా సులువుగా అర్థమవుతుంది.

మొదటి గోడ చుట్టుకొలత 2 కిలోమీటర్లకు పైమాటే. ఆరు ద్వారాలు, లోపల దాదాపు 30 హెక్టార్ల జాగా. గోడ మందం సుమారు మూడున్నర మీటర్లు. ఒక రాయికీ పక్క రాయికీ మధ్య సందులో వేలు పెట్టి చూడండి: సున్నం తగలదు. పెద్ద పెద్ద దిమ్మెలను అంచులు కలిసేలా చెక్కి, బరువు మీదే నిలబెట్టారు. ఇప్పుడు కొంచెం నడిచి రెండో గోడ దగ్గరికి రండి. ఇక్కడ రాళ్ల మధ్య సున్నం దట్టంగా ఉంటుంది, వరసలు సమంగా ఉండవు, ఎక్కడివో పాత చెక్కిన రాళ్లు మధ్యలో కనిపిస్తాయి. ఇది క్రీ.శ. 6వ శతాబ్దంలో, తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ కాలంలో కట్టింది. కట్టించిన ఇంజనీరు విక్టోరినస్ పేరు గ్రీకు శాసనాల్లో ఉంది. పాత నగరంలో ఇంచుమించు మూడో వంతు మాత్రమే ఈ గోడ లోపల మిగిలింది. జనం తగ్గి, భయం పెరిగిన కాలం అది. గోడలు చూడ్డానికి ఉదయం గానీ సాయంత్రం గానీ మంచిది. ఏటవాలు వెలుగులో ఉలి గాట్లు, అక్షరాలు తేలి కనబడతాయి. మిట్టమధ్యాహ్నం అన్నీ చదునుగా అనిపిస్తాయి.

ప్రాచీన కాలంలో ఈ ప్రాంతంలో ఉన్న జనం ఇల్లిరియన్లు. "ఇల్లిరియన్ భాషలో రాసినవి ఎక్కడ?" అని గైడును అడగకుండా ఎవరూ ఉండరు. ఎక్కడా లేవు. ఆ భాషలో ఒక్క వాక్యం కూడా మనదాకా రాలేదు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, విడి మాటలు కొన్ని, అంతే. బిల్లియోనులు రాతకు గ్రీకును వాడుకున్నారు. అందుకే వాళ్లు ఎంతవరకు ఇల్లిరియన్లు, ఎంతవరకు గ్రీకులు అన్న వాదన పండితుల్లో ఇంకా నడుస్తోంది.

నాటకశాలలో సుమారు 7,500 మంది కూర్చునేవారట. కానీ ఇప్పుడు మెట్లు చాలావరకు లేవు. కాలం తినేసిందనుకుంటే పొరపాటు: తర్వాతి తరాల వాళ్లు ఆ రాళ్లను ఊడదీసి చర్చిలకు వాడుకున్నారు. చర్చి గోడల్లో అంచు గుండ్రంగా తిరిగిన రాయి కనిపిస్తే, అది ఒకప్పటి ఆసనమేమో చూడండి.

స్టేడియం మెట్ల కింద నీటి తొట్టి ఉంది. కొండ మీద కాపురానికి వాన నీరే ఆధారం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఆ లెక్కన 1,000 చదరపు మీటర్ల రాతి మెట్ల మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 10,000 లీటర్లు. ఆటల కోసం పరిచిన రాయే నీళ్లను పోగుచేసే పళ్లెం అయిందన్నమాట. ఈ కొండ మొత్తం మీద మాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే. మీరు మాత్రం తాగే నీళ్లు వెంట తెచ్చుకోండి, నీడ తక్కువ. కాలికి పట్టున్న బూట్లు వేసుకోండి, అరిగిన సున్నపురాయి తడిస్తే జారుతుంది.

చర్చిల నేల మీది మొజాయిక్‌లు చూడాలని వచ్చినవాళ్లు నిరాశపడతారు. ఏడాదిలో ఎక్కువ కాలం వాటి మీద ఇసుక కప్పి ఉంటుంది. కారణం ఉంది. చిన్న చిన్న రాతి ముక్కలను పట్టి ఉంచేది కింది సున్నపు పొర. దాని పగుళ్లలోకి దిగిన నీరు చలికి గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతుంది, ముక్కలు లేచిపోతాయి. గడ్డి వేర్లు ఆ పగుళ్లనే వెడల్పు చేస్తాయి. పైన ఇసుక ఉంటే వేడి, చలి, తేమ ఒక్కసారిగా మారవు. కాలితో ఇసుక పక్కకు నెట్టి, ఫోటో తీసుకుని వెళ్లిపోతే ఆ చోట నేల బోసిపోయి, మొదటి మంచుకే దెబ్బ తింటుంది. ఊడిన ముక్క ఒకటి చేతికొచ్చిందా, జేబులో వేసుకోకండి. తీసిన చోటు గుర్తుపెట్టుకుని గైడు చేతికివ్వండి. ఎక్కడిదో తెలిస్తేనే దాన్ని తిరిగి అతికించగలరు.