చిన్నపిల్లలు, వంటపని: అపోహలు - వాస్తవాలు

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల బడిలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. వారానికి రెండు రోజులు మా పిల్లలే ఫలహారం సిద్ధం చేసుకుంటారు. ఇంట్లో కూడా చేయించండి అన్నప్పుడు తల్లిదండ్రుల నుంచి వినే మాటలు దాదాపు ఇవే.

అపోహ: వంటగది ప్రమాదం, పెద్దయ్యాక చూద్దాం.

వాస్తవం: సగం వంట పొయ్యి వెలిగించకముందే అయిపోతుంది. కరివేపాకు దూయడం, గోంగూర తుంచడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, చింతపండులో పిక్కలు ఏరడం వంటివాటికి నిప్పుతో పని లేదు. మా అమ్మమ్మ ఇవన్నీ నేల మీద కూర్చుని, చేట ముందు పెట్టుకుని చేసేది. పిల్లలం పిలవకుండానే వెళ్లి పక్కన చేరేవాళ్లం. ఇప్పుడు వంటంతా గట్టు మీదికెక్కింది. మూడేళ్ల పాపకు గట్టు మీద ఏముందో కనబడదు కాబట్టి స్టూలు వేసి పొయ్యి పక్కనే నిలబెడుతున్నారు. దయచేసి అలా చేయొద్దు. పాపను పైకి ఎక్కించే బదులు పనిని కిందికి దించండి. హాల్లో పాత చీర పరిచి, ఒక పళ్లెం ఇస్తే చాలు.

ప్రమాదాలు లేవనడం లేదు. 60 డిగ్రీల నీళ్లు 5 సెకన్లలో పెద్దవాళ్ల చర్మాన్నే కాల్చేస్తాయి, పిల్లల చర్మం ఇంకా పలుచన. కుక్కరు, గంజి వార్చే చోటు, వేడి నూనె ఉన్నవైపు రానివ్వకండి. కత్తిపీట వాడే ఇంట్లో పని కాగానే దాన్ని అందనిచోట పెట్టేయాలి. ఎండు శనగలు, బఠాణీలు మరీ చిన్నవాళ్ల చేతికివ్వొద్దు. ముక్కులో దూర్చుకుంటే తడికి ఉబ్బి ఇరుక్కుంటాయి. పచ్చిమిరపకాయలైతే అసలే వద్దు. ఆ ఘాటు నీళ్లలో కరగదు. చెయ్యి కడిగించామనుకుంటాం, కాసేపటికి అదే చేత్తో కళ్లు నులుముకుంటారు.

అపోహ: తన చేత్తో చేస్తే ఏ కూరైనా తినేస్తాడు.

వాస్తవం: ఇది నాలాంటి టీచర్లే ప్రచారం చేసిన మాట, అందుకే ముందు మేమే సరిదిద్దుకోవాలి. రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త రుచికి బెదరడం సహజం. ఒక కొత్త కూర నచ్చాలంటే 8 నుంచి 15 సార్లు రుచి చూడాల్సి రావచ్చు. ఆకు తుంచడం, వాసన చూడటం ఆ మొదటి రుచి దాకా తీసుకెళ్తాయి, అంతే. మా తరగతిలో ఒక బాబు రెండు నెలలపాటు తోటకూర తుంచాడు, ఒక్క ముద్ద ముట్టలేదు. ఆ తర్వాత ఒకరోజు పప్పులోని ఆకును నాలుకకు తాకించి ఉమ్మేశాడు. ఆ రోజు నాకెంత సంతోషమేసిందో! ఇప్పుడు కొంచెం తింటున్నాడు. "నువ్వే చేశావుగా, తినాల్సిందే" అని మాత్రం అనకండి. మర్నాడు పనికే రాడు.

అపోహ: ఆడుకోవడానికి బొమ్మల వంటసామాను కొనిచ్చాంగా.

వాస్తవం: 1907లో రోమ్‌లో తన తొలి బడి తెరిచిన మరియా మాంటిస్సోరి పిల్లలకు నిజమైన పనే ఇచ్చారు, వాళ్ల చేతికి సరిపడే నిజమైన గిన్నెలతో. 1939లో ఆమె మద్రాసు వచ్చి మన దేశంలో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. మా బడిలో ఆమె బాటనే నడుస్తాం. పాప ఒలిచిన వెల్లుల్లి ఆ పూట చారులోనే పడాలి. వెనక నుంచి మీరు మళ్లీ ఒలిస్తే పాపకు తెలిసిపోతుంది.

అపోహ: మగపిల్లాడికి ఎందుకివన్నీ?

వాస్తవం: వాడికీ ఆకలేస్తుంది.

అపోహ: పిల్లలు చేయి పెడితే పని రెట్టింపవుతుంది.

వాస్తవం: ఇది అపోహ కాదు, నిజమే. అందుకే బడికి పంపే హడావుడిలో వద్దంటాను. ఆదివారం సాయంత్రం ఒకే పని, 10 నిమిషాలు. మొదలుపెట్టడానికి వినాయక చవితి ఉండ్రాళ్లు బాగుంటాయి. ఉడికించిన పిండి పూర్తిగా చల్లారాక, పాప చేతులు సబ్బుతో కడిగించి, మీరు చుట్టిన ఉండ్రం ఒకటి కొలతకు ముందు పెట్టండి. మరీ పెద్దది చుడితే లోపలిదాకా ఆవిరి పట్టదు, దాన్ని మాత్రం రెండు చేయమనండి. వంకరగా ఉన్నవాటిని సరిచేయొద్దు, అలాగే ఉడికించి, అలాగే నైవేద్యం పెట్టండి.