రక్తపరీక్ష నార్మల్ అయితే నొప్పి లేనట్టేనా? సికిల్ సెల్: అపోహలు - వాస్తవాలు

మన్యంలో డాక్టరుగా పనిచేస్తున్నాను. మొన్న రాత్రి సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే రక్త జబ్బు) ఉన్న పదహారేళ్ల కుర్రాణ్ణి వాళ్లమ్మ తీసుకొచ్చింది. రెండు తొడలూ పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. ముందు వెళ్లిన చోట "హీమోగ్లోబిన్ 8 ఉంది, ఎప్పుడూ ఉండేదే, ఏం లేదు" అని పంపేశారట. "అబద్ధం ఆడుతున్నాడా బాబూ?" అని ఆ తల్లి నన్నే అడిగింది.

అపోహ: రిపోర్టులో తేడా లేకపోతే నొప్పి నిజం కాదు.

వాస్తవం: సికిల్ సెల్ నొప్పి ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష ఈ రోజుకీ లేదు. కొడవలిలా వంగిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాలకు అడ్డం పడతాయి, ఎముకకు రక్తం అందదు. ఆ నొప్పికి హీమోగ్లోబిన్ తగ్గాలనేమీ లేదు, జ్వరమూ వాపూ ఉండాలనేమీ లేదు. ఫోన్ చూస్తున్నాడు కదా అని అనుమానించొద్దు, చిన్నప్పటి నుంచీ నొప్పితో బతికినవాళ్లు అలాగే నెట్టుకొస్తారు. ఎంత నొప్పో రోగి చెప్పిందే లెక్క. ఆసుపత్రికి వచ్చిన గంటలోపు గట్టి నొప్పి మందు పడాలి. రిపోర్టు వచ్చేదాకా ఆగడం తప్పు.

అపోహ: రక్తపరీక్షలో ఎల్‌డీహెచ్ (కణాలు చితికితే పెరిగేది), సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగేది), తెల్లకణాలు పెరిగితే క్రైసిస్, అంటే తీవ్రమైన నొప్పి దశ, వచ్చినట్టే.

వాస్తవం: మామూలుగా 120 రోజులు బతికే ఎర్రకణం వీళ్లలో 10 నుంచి 20 రోజులకే చితికిపోతుంది. అందుకే చితికిన కణాల నుంచి వచ్చే ఎల్‌డీహెచ్, బిలిరుబిన్ బాగున్న రోజుల్లోనూ ఎక్కువే. తెల్లకణాలూ అంతే. స్లైడు మీద కొడవలి కణాలు నొప్పి లేనప్పుడూ కనిపిస్తాయి. కాబట్టి కొత్త రిపోర్టును ల్యాబు కాగితం అంచున ఉండే నార్మల్ అంకెలతో కాకుండా, ఆ మనిషి బాగున్నప్పటి అంకెలతో పోల్చాలి. ఆ తల్లి ప్లాస్టిక్ కవరులో నాలుగు నెలల కిందటి రిపోర్టు దొరికింది. దాని మీద "బాగున్న రోజు" అని పెన్నుతో రాసి అన్నిటికన్నా పైన పెట్టాను. మీ ఇంట్లోనూ అలాంటిది ఒకటి దాచుకోండి.

అపోహ: అయితే పరీక్షలు దండగ.

వాస్తవం: కాదు. వాటితో వెతికేది ప్రమాదాన్ని. హీమోగ్లోబిన్ ఎప్పుడూ ఉండేదానికన్నా 2 గ్రాములు పడిపోయి, రెటిక్యులోసైట్లు (కొత్తగా తయారైన ఎర్రకణాలు) కూడా తగ్గితే పార్వోవైరస్ బి19 సోకి ఎముక మజ్జ కణాల తయారీ ఆపేసి ఉండొచ్చు. రెటిక్యులోసైట్లు పెరిగి, ప్లీహం ఉబ్బితే రక్తం అక్కడ చిక్కుకుందని అనుమానించాలి. రెండింటికీ రక్తం ఎక్కించాల్సి రావచ్చు. మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ నార్మల్‌గా ఉన్నా అవి దెబ్బతిని ఉండొచ్చు, వాటికి హాని చేయగల డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రను సొంతంగా వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: హైడ్రాక్సీయూరియా క్యాన్సర్ మందు, నొప్పి లేనప్పుడు ఎందుకు?

వాస్తవం: అది నొప్పులు రాకుండా రోజూ వేసుకునే మందు. పిండ హీమోగ్లోబిన్‌ను (కడుపులో బిడ్డకు ఉండే రకం) పెంచి కణాలు వంగకుండా చూస్తుంది. మందు పనిచేస్తోందా, తెల్లకణాలు మరీ తగ్గాయా అన్నది మాత్రం రక్తపరీక్షే చెప్పాలి. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పండి.

101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, ఛాతీలో నొప్పి, ఆయాసం, కాలో చెయ్యో పడిపోవడం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.