ఆక్సిజన్‌కు బదులు ఆమ్లం: బయోమాస్ విద్యుద్విశ్లేషణ నేపథ్యం

1800లో లండన్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు వోల్టా బ్యాటరీ తీగలను నీటిలో ఉంచి దాన్ని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టారు. మన దేశంలో పంజాబ్‌లోని నంగల్ ఎరువుల కర్మాగారం 1960లలోనే భాక్రా జలవిద్యుత్తుతో ఇలా హైడ్రోజన్ తీసి అమోనియా తయారు చేసింది. కాబట్టి పునరుత్పాదక విద్యుత్తుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్‌కు గ్రీన్ హైడ్రోజన్ అన్న పేరు కొత్తదే గాని పని పాతదే.

చిక్కంతా కరెంటు ఖర్చులో ఉంది. సిద్ధాంతం ప్రకారం నీటిని విడగొట్టడానికి 1.23 వోల్టులు చాలు, ఆచరణలో 1.8 నుంచి 2 వోల్టుల దాకా పెట్టవలసి రావడంతో కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా ఖర్చవుతోంది. ఈ అదనపు భారంలో పెద్ద వాటా, ధనధ్రువం వద్ద మందకొడిగా సాగే ఆక్సిజన్ చర్యదే. అంత ఖర్చుపెట్టి పుట్టించిన ఆక్సిజన్‌ను చాలాచోట్ల గాలిలోకి వదిలేస్తారు.

ధనధ్రువం వద్ద నీటికి బదులు తేలిగ్గా ఆక్సీకరణం చెందే పదార్థాన్ని పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచనతో, 1979లో అమెరికాలో కాఫ్లిన్, ఫరూక్ బొగ్గుపొడి వాడి సుమారు ఒక వోల్టుతోనే హైడ్రోజన్ రాబట్టారు. అయితే అక్కడ ఆక్సిజన్ స్థానంలో కార్బన్ డయాక్సైడ్ వచ్చింది. మొక్కల చక్కెరల నుంచి తీసే హెచ్ఎంఎఫ్ అనే రసాయనాన్ని నికెల్ ధ్రువంపై ఎఫ్‌డీసీఏ అనే ఆమ్లంగా మార్చవచ్చని పోలండ్ రసాయనవేత్తలు 1991లో చూపారు. సీసాల ప్లాస్టిక్‌కు ప్రత్యామ్నాయమైన పీఈఎఫ్ అనే ప్లాస్టిక్‌కు ఈ ఆమ్లమే ముడిసరుకు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చా, చోయ్ 2015లో సూర్యకాంతితో నడిచే ఒకే విద్యుత్ ఘటంలో (సెల్‌లో) ఒక వైపు హైడ్రోజన్‌ను, మరో వైపు ఈ ఆమ్లాన్ని రాబట్టాక ఈ రంగంపై ఆసక్తి బాగా పెరిగింది.

ఇక్కడ ఒక లెక్క వేసుకోక తప్పదు. ఒక్కో ఎఫ్‌డీసీఏ అణువుకు ఆరు ఎలక్ట్రాన్లు, అంటే మూడు హైడ్రోజన్ అణువులు. ఆ ప్రకారం కిలో హైడ్రోజన్‌తో పాటు దాదాపు 26 కిలోల ఆమ్లం వస్తుంది. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030కల్లా ఏటా 50 లక్షల టన్నుల హైడ్రోజన్ కోరుతోంది. అదంతా ఈ దారిలోనే తీస్తే 13 కోట్ల టన్నుల ఆమ్లం పోగుపడుతుంది, దాన్ని కొనే మార్కెట్ ఎక్కడా లేదు. అందువల్ల ఈ పద్ధతిలో రసాయనమే అసలు సరుకు, హైడ్రోజన్ దాని వెంట వచ్చే లాభం అని నా అభిప్రాయం. పది టన్నుల బయోడీజిల్ తయారీలో సుమారు టన్ను చొప్పున మిగిలే గ్లిజరాల్‌ను ధనధ్రువం వద్ద పెట్టినా ఇదే వర్తిస్తుంది. బయోడీజిల్ పరిశ్రమ ఉన్న కాకినాడ వంటి చోట్ల ఇది ఆలోచించదగ్గది.

అయితే వరిగడ్డి వంటి బయోమాస్‌ను నేరుగా ఘటంలో వేయలేము. ముందు చక్కెరలుగా, ఆపై హెచ్ఎంఎఫ్‌గా మార్చాలి. చవకైన నికెల్ ధ్రువం చురుగ్గా పనిచేయడానికి గాఢమైన క్షారం కావాలి, ఆ క్షారంలోనే హెచ్ఎంఎఫ్ నిలవక పాడవుతుంది. ప్రయోగశాలలు ఇప్పుడు కుస్తీ పడుతున్నది ప్రధానంగా ఈ చిక్కుతోనే.