తొలి ఆల్బం: ఏడుస్తూ పాడితేనే నిజమా?

తిరుపతిలో సొంతంగా రాసి, బాణీ కట్టి పాడే కుర్రాళ్ళకు రికార్డింగ్ చేసిపెడుతుంటాను. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పే ఆల్బం చేయాలనుకునేవాళ్ళు కొన్ని మాటలు గట్టిగా నమ్మి వస్తారు.

అపోహ: నిజంగా ఏడుస్తూ పాడితేనే వినేవాళ్ళను కదిలిస్తుంది.

వాస్తవం: ఏడుపొస్తే గొంతు బిగుసుకుంటుంది, ఊపిరి తెగుతుంది, శ్రుతి జారుతుంది, సగం మాటలు లోపలికి పోతాయి. ఆ టేకు దాచుకుంటాం, కానీ పాటంతా దానిమీదే నిలబెట్టం. చరణాన్ని కొన్నిసార్లు పాడించి, బాగున్న ముక్కలు ఏరి అతకడం అంతటా ఉన్న పద్ధతే. వినేవాళ్ళను పట్టేది ముందు సాహిత్యం. ‘గుండె పగిలింది’ అంటే ఎవరికీ ఏమీ కాదు. పీలేరు బస్సు కదిలిపోయేదాకా బస్టాండులో నిలబడ్డానని రాయండి, వింటారు.

అపోహ: ‘నేను’ అని పాడితే అది పాడినవాళ్ళ సొంత కథే.

వాస్తవం: ఈ ఊళ్ళో అనాల్సిన మాటేనా ఇది! అన్నమయ్య (1408-1503) శృంగార సంకీర్తనల్లో చాలాచోట్ల మాట్లాడేది నాయిక, లేదా ఆమె చెలికత్తె. మగవాడై ఉండి ఆడగొంతుతో అలిగాడు, నిష్ఠూరమాడాడు, దెప్పిపొడిచాడు. అధ్యాత్మ సంకీర్తనల్లో తన వగపు తానే చెప్పుకున్నాడు. కొండమీది రాగిరేకుల్లో రెండూ ఉన్నాయి. కాబట్టి ‘నిజంగానే బ్రేకప్ అయిందా’ అని అడిగేవాళ్ళకు జవాబు బాకీ లేదు. అవతలి మనిషి పేరు, వీధి మాత్రం మార్చండి, అది మర్యాద.

అపోహ: చెన్నై వెళ్ళకపోతే సౌండు రాదు.

వాస్తవం: గొంతు, గిటారు వరకైతే పరుపులు, దుప్పట్లు కట్టిన గది చాలు. ఫ్యాను ఆపాలి. మే నెలలో అది తపస్సే, అందుకే రాత్రిళ్ళు పెట్టుకుంటాం. డ్రమ్సు, వయొలిన్ల బృందం కావాలంటే పెద్ద స్టూడియోకు వెళ్ళక తప్పదు.

అపోహ: శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ వాడటం మోసం.

వాస్తవం: కాదు. అతిగా వాడితే గమకాలు చదునైపోతాయి, నా అభ్యంతరం అంతవరకే.

అపోహ: రిజిస్టర్ చేయిస్తేనే పాట మీది.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాయగానే హక్కు వస్తుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. 2012 సవరణ తర్వాత, సినిమాలో లేని పాటకు సైతం రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వదులుకున్నట్టు సంతకం పెట్టినా చెల్లదు. అసలు తగాదా స్నేహితుల మధ్య వస్తుంది. పల్లవి బాణీ ఎవరిది, మాటలు ఎవరివి, ఎవరికెంత వాటా అన్నది మిక్సింగు కంటే ముందే కాగితం మీద పెట్టుకోండి.