నీళ్ళు పోస్తే చాలనుకోవడమే పాత కారు ఇంజనుకు అసలు ముప్పు: కూలెంట్ లీకుపై అపోహలు – వాస్తవాలు

కావలిలో జాతీయ రహదారి పక్కన ఇరవై రెండేళ్ళుగా కార్లు బాగుచేస్తున్నాను. ఏప్రిల్ మొదలుకొని రోహిణి కార్తె దాటేవరకు ఇంజను వేడెక్కి మా షెడ్డుకు వచ్చే పాత కార్లలో చాలావాటి డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ళ క్యాను ఒకటి ఉంటుంది. దాన్ని చూడగానే లీకు నెలల నాటిదని, దాన్ని వెతకవలసిన కాలమంతా నీళ్ళు పోయడంతోనే గడిచిందని నాకు అర్థమవుతుంది.

అపోహ: కూలెంట్ (ఇంజనును చల్లబరచడానికి నీళ్ళతో కలిపి పోసే ద్రవం) తగ్గినప్పుడల్లా నీళ్ళు పోసుకుంటూ తిరగవచ్చు, వేడి చూపే మీటరు ముల్లు పైకి లేవనంతవరకు భయం లేదు.

వాస్తవం: లీకు వలన పోయేది నీళ్ళు మాత్రమే కాదు, ఒత్తిడి కూడా. మామూలు నీళ్ళు 100 డిగ్రీల వద్ద మరుగుతాయి. రేడియేటర్ మూత దాదాపు ఒక బార్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) అదనపు ఒత్తిడిని పట్టి ఉంచడం వలన అవే నీళ్ళు 120 డిగ్రీల దగ్గరికి వచ్చేవరకు మరగవు. కూలెంట్ కలిస్తే ఆ హద్దు ఇంకొంత పెరుగుతుంది. గుండుసూది మొనంత రంధ్రం ఉన్నా ఆ ఒత్తిడి నిలవదు కనుక, కూలెంట్ డబ్బా నిండుగా కనబడుతున్నా లోపల ఇంజను హెడ్డు (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) చుట్టూ నీళ్ళు ముందుగానే మరిగి ఆవిరవుతాయి. ఇక మీటరు సంగతి. దాని సెన్సారు నీళ్ళలో మునిగి ఉన్నప్పుడే సరైన వేడి చెబుతుంది. మట్టం పడిపోయి సెన్సారు గాలిలో తేలితే, ఇంజను కాలిపోతున్నా ముల్లు సగం దగ్గరే నిలబడవచ్చు, కిందికి కూడా దిగవచ్చు.

పోయిన మే నెలలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కుటుంబంతో తిరుపతికి బయలుదేరి కొడవలూరు దగ్గర ఆగిపోయారు. పద్దెనిమిదేళ్ళ పెట్రోలు కారు అది. కారును నా దగ్గరికి చేర్పించాక ఆయన పదేపదే అన్న మాట ఒక్కటే: "ముల్లు సగం కూడా దాటలేదు నాయనా, నేను చూస్తూనే ఉన్నాను." ఆయన అబద్ధం చెప్పలేదు. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం రెండు సీసాల బోరు నీళ్ళు పోస్తూ వచ్చారు. ఆ రోజు రోడ్డు పక్కన ఆగగానే, మండుతున్న ఇంజనులో చన్నీళ్ళు పోశారు. హెడ్డు విప్పి ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే మధ్యలో స్కేలు కింద నుంచి వెలుతురు కనిపించింది. హెడ్డు అల్యూమినియం, దాని కింద సిలిండర్లు ఉండే బ్లాకు ఇనుము. వేడికి రెండూ ఒకే తీరున వ్యాకోచించవు కనుక హెడ్డు వంగి, రెండింటి మధ్య సందు మూసే గ్యాస్కెట్ పోయింది. లేత్‌లో ఫేసింగ్ చేయించి హెడ్డును చదును చేసి, గ్యాస్కెట్ వేసి, బోల్టులు మార్చేసరికి, మొదట్లోనే కారుతున్న వాటర్ పంపు మార్చి ఉంటే అయ్యే ఖర్చుకు నాలుగైదు రెట్లు అయింది. "మాస్టారూ, తప్పు మీది కాదు, నీళ్ళు పోస్తే చాలని మీకు సలహా ఇచ్చినవారిది" అని చెప్పాను. ఇప్పటికీ నా మాట అదే.

మన ప్రాంతపు బోరు నీళ్ళ గురించి వేరుగా చెప్పాలి. ఉదయగిరి, కనిగిరి వైపు బోరు నీళ్ళను కాచిన గిన్నె అడుగున తెల్లని సున్నపు పొర పేరుకోవడం అందరూ చూసిందే. అదే పొర రేడియేటర్ సన్నని గొట్టాలలోనూ పేరుకుంటుంది. మన దగ్గర మంచు పడదు కనుక కూలెంట్ అవసరం లేదనే మాట కూడా పొరపాటే. మరుగు హద్దును పెంచడం, తుప్పును ఆపడం దాని ముఖ్యమైన పనులు. డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం కలిపి పోయడం సరైన పద్ధతి. తప్పనిసరై దారిలో మామూలు నీళ్ళు పోయవలసి వస్తే, ఇంజను పూర్తిగా చల్లారాకే పోయండి, ఇంటికి చేరగానే మార్పించండి. వేడిగా ఉన్నప్పుడు మూత మాత్రం తిప్పకండి. పని నేర్చుకునే రోజుల్లో అలా తిప్పినందుకు నా ముంజేతి మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

అపోహ: కింద తడి లేకపోతే లీకు లేనట్టే.

వాస్తవం: మాస్టారి కారు కింద ఒక్క చుక్క కూడా పడలేదు. పంపు కింద వీప్ హోల్ (లోపలి సీలు పాడైతే కూలెంట్ బయటికి కారే చిన్న రంధ్రం) నుంచి కారిన కూలెంట్ వేడి ఇంజను మీదే ఆవిరైపోతూ వచ్చింది. మిగిలిందల్లా బ్లాకు మీద గోటితో గీకితే పొడిగా రాలే పచ్చని తెల్లని చార. లీకును పట్టుకోవడానికి చల్లని ఇంజను మీద ప్రెషర్ టెస్టరు పెట్టి, మూత మీద ముద్రించిన అంకె వరకే గాలి కొట్టి, పావుగంట టెస్టరు ముల్లును గమనించాలి. ముల్లు దిగితే టార్చి తీసుకొని హోస్ పైపుల చివర్లు, క్లిప్పుల అడుగు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు, పంపు, హీటరు పైపులు వరుసగా చూడాలి. ముందు సీటులో కాళ్ళ కింద కార్పెట్ తడిసి, తియ్యని వాసనతో అద్దం లోపల జిడ్డు పడుతుంటే హీటరు కోరు (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతున్నట్టు. బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగుతుంటే స్పార్క్ ప్లగ్గులు తీసి చూడాలి. వాటిలో ఒకటి మాత్రమే కడిగినట్టు తెల్లగా ఉంటే, కూలెంట్ ఆ సిలిండరులోకి పోతోందని అనుమానించాలి. మూత రబ్బరు ఎండి పగిలినా కూలెంట్ పోతుంది కనుక మూతను కూడా విడిగా పరీక్షించాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పసుపు, లీకు ఆపే పొడులు రంధ్రంతో పాటు సన్నని గొట్టాలను కూడా పూడుస్తాయి. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేవరకు కూలెంట్‌ను రేడియేటరుకు పోనివ్వని కవాటం) తీసేస్తే ఇంజను సరైన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. రంగు ఒకటైనంత మాత్రాన రెండు కూలెంట్లు ఒకటి కావు. కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసిన రకమే పోయాలి. పాత రాగి రేడియేటరుకు మాటు వేయవచ్చు కానీ, ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే మార్చడమే మేలు. ఏసీ వేసినప్పుడు కింద పడే నీళ్ళకు రంగు, వాసన, జిడ్డు ఉండవు. వాటిని చూసి ఆందోళనతో పరుగెత్తుకొచ్చేవారికి నేను చార్జీ తీసుకోను. దించిన కూలెంట్‌ను తెరిచిన గిన్నెలో వదలకండి. అది తియ్యగా ఉండే విషం, కుక్కలు తాగేస్తాయి, పిల్లలు వేలు పెట్టి నాకుతారు.

లీకు బాగుచేయించాక గాలి బుడగలు పూర్తిగా తీయించండి. చల్లని ఇంజనుతో డబ్బా మీద మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టి, వారం పాటు రోజూ ఉదయం బండి తీయకముందే చూడండి. గాలి సర్దుకొని మొదటి రెండు రోజులు వేలెడు తగ్గవచ్చు. మూడో రోజు తర్వాత కూడా తగ్గుతుంటే నీళ్ళు పోయకుండా కారును మళ్ళీ తీసుకురండి.